రెల్లుగడ్డియు మరుగుజ్జు వరాహమును

తృణమను మాటకు మన భాషలో గౌరవము తక్కువ. ఒకనిని లక్ష్యపెట్టనిచో వానిని తృణీకరించితిమందుము. ప్రాణమునకు వెఱవని శూరుడు దానిని తృణప్రాయముగ నెంచెనని పొగడుదుము. బలహీనుని గడ్డిపోచ యందుము. లంచము పుచ్చుకొనినవాడు గడ్డి తినెనందుము. అడవి యనినతోడనే మన మనస్సునకు మ్రాకులు, తీగలు, పొదలు తోచునే కాని, మనిషి మునిగిపోవునంత యెత్తున పెరిగి గాలికి అలలెత్తు గడ్డిమైదానము తోచదు. ఈ తిరస్కారము మాటలతోనే నిలిచియుండినచో బాధ లేకపోవును. అది రెవెన్యూ లెక్కలకెక్కినది. బంజరు, బీడు, పోరంబోకు అను పేళ్లతో చట్టమైనది. అడవులను కాపాడవలసిన శాఖవారి బుద్ధిలో సైతము స్థిరపడినది. దాని ఫలము ననుభవించిన జంతువులలో మిక్కిలి చిన్నదగు నొక వరాహజాతి చరిత్రమును, దాని కొఱకు నేడు మరల గడ్డిని పెంచుచున్న వైనమును ఈ వ్యాసమున చెప్పదలచితిని.

హిమవత్పర్వత పాదమున, అస్సాము రాష్ట్రపు ఉత్తరపుటంచున, భూటాను సరిహద్దు నానుకొనియున్న గడ్డినేలలలో ఈ జంతువు నివసించును. ప్రపంచమందలి వరాహజాతులన్నిటిలో నిదియే చిన్నది. భుజమువద్ద దీని యెత్తు సుమారు 25 సెంటీమీటర్లు, అనగా జానెడుకు కొంచెము పైన. బరువు 6 మొదలు 10 కిలోలవఱకు. తోక అంగుళము మాత్రమే. అప్పుడే పుట్టిన పిల్ల దోసిట నిముడును. అస్సామీయులు దీనిని నల్‌గాహరి యందురు. నల్ అనగా కిక్కసగడ్డి వంటి బోలుకాడల గడ్డి. గాహరి యనగా పంది. తాకురీ బరా అని దీనికి వేరొక పేరు గలదు. తాకురి యనగా కదురు. నడుమ లావై, ముట్టెవైపు సన్నగిలు దాని యొడలిని జూచి నూలు వడకు జనులు పెట్టిన పేరది. మనమును దానిని కదురుపంది యన్నచో తప్పులేదు. ఆ యాకారము వట్టి చమత్కారము కాదు; దట్టమైన గడ్డిదుబ్బుల నడుమ, మనుష్యుడు చేయి దూర్చలేని సందులలో, అది కదురువలెనే దూసికొనిపోవును.

ఈ జంతువు ఇల్లు కట్టుకొనును. తక్కిన అడవిపందులలో ఆడుది యీనునప్పుడు మాత్రమే గూడు సమకూర్చుకొనును. కదురుపంది యట్లుగాక మగదియు నాడుదియు నను భేదము లేక, ఏడాది పొడవునను గూటిలోనే పరుండును. ముట్టెతో నేలను తొట్టివలె త్రవ్వి, నోట గడ్డిని కఱచి తెచ్చి లోన పరచి, చుట్టునున్న గడ్డిని వంచి పైకప్పు వేసికొనును. ఎండకాలమున ఆ గూడు చల్లదనము నిచ్చును. చలికాలమున వెచ్చదనము నిచ్చును. వానకారు సమీపించు ఏప్రిల్, మే నెలలలో పిల్లలు పుట్టునదియు నందే. కావున దీనికి గడ్డి తిండికంటె ముఖ్యము. తిండి దుంపలు, వేళ్లు, వానపాములు, పురుగులు; గడ్డి దాని గోడలు, దాని కప్పు, దాని కోట. గడ్డి కాలిపోయిన నాడు అది వట్టి దిక్కులేని ప్రాణి. దీని యొడలిపైన దక్క వేరెచ్చటను బ్రతుకజాలని పేను ఒకటి గలదు. పంది నశించిన నాడు పేనును నశించును. గడ్డి నాశ్రయించి పంది, పంది నాశ్రయించి పేను!

పాశ్చాత్యశాస్త్రమున దీనికి స్థానము 1847 సంవత్సరమున లభించినది. నేపాళమున ఆంగ్లప్రభుత్వపు రెసిడెంటుగా పనిచేసి, పిదప డార్జిలింగున నివసించిన బ్రయన్ హడ్జిసను, సిక్కిం దిగువనున్న తెరాయి ప్రాంతమునుండి తనకు లభించిన జంతువును వర్ణించి దానికి పోర్క్యులా సాల్వేనియా అని పేరిడెను. సాల్వేనియా యనగా సాలవనమునందలిది. ఇందొక వింత గలదు. ఈ పంది సాలవృక్షముల నీడలో నుండునది కాదు. ఆ వనముల నడుమనున్న గడ్డినేలలలో నుండునది. మ్రాకు కనబడి గడ్డి కనబడని మన దృష్టిదోషము దాని పేరున గూడ చేరినది. తరువాతి పండితులు దీనిని సామాన్యపు అడవిపంది ప్రజాతిలో చేర్చి, చిన్న తమ్మునివలె జూచిరి. 2007లో అనువంశికపరీక్షలు జరిగి, ఇది తనకు తానే యొక ప్రత్యేకమగు ప్రజాతియని తేలుటచే హడ్జిసను పెట్టిన పేరే మరల నిలిచినది. అనగా నిది నశించినచో ఒక పందిజాతి పోవుట కాదు, ఒక కొమ్మయే విఱిగిపోవుట.

ఇక నా నేల సంగతి. కొండలనుండి దిగు ఏఱులు మైదానమున బడగనే వేగము తగ్గి, తెచ్చిన యిసుకను, ఒండ్రును పఱచును. వరద వచ్చినప్పుడెల్ల దారి మార్చుకొనును. విడిచిపోయిన యిసుకతిన్నెపై మొదట రెల్లు మొలచును. పిదప నింటికప్పులకు వేయు ఊలుగడ్డి, కాసగడ్డి జాతులు, తేమపట్టున కిక్కస, వట్టివేరు వచ్చును. ఇవి రెండుమూడు నిలువుల యెత్తు పెరుగును. వీనిని ముట్టక విడిచినచో కొన్నియేండ్లకు బూరుగ మున్నగు మ్రాకులు తలయెత్తి, నీడ పఱచి, గడ్డిని చంపును. ఏఱు మరల వచ్చి కోసివేసినచో కథ మరల రెల్లుతో నారంభమగును. ఏనుగు, ఖడ్గమృగము, అడవిదున్న మేసి త్రొక్కుటయు, అప్పుడప్పుడు తగులు మంటయు నీ చక్రమునకు తోడ్పడును. కాబట్టి ఇచ్చటి గడ్డినేల యనగా స్థిరమైన వస్తువు కాదు. నీరు, నిప్పు, మేత యను మూటి తూకమున నిలిచిన స్థితి. ఒకటి హెచ్చినను తగ్గినను అది చెడును. ఈ సంగతి గ్రహింపక చట్టములు చేసినవారివలన వచ్చిన చిక్కులే తరువాతి నూఱేండ్ల చరిత్రము.

1826లో యాందబో సంధిచే అస్సాము ఈస్టిండియా కంపెనీ వశమైనది. 1841లోను, 1865లోను భూటానువారి యధీనములోని ద్వారములను కొండపాదపు భూములు కలిసినవి. ఈ లోపల 1838లో కంపెనీవారు బంజరుభూముల నిబంధనలను గావించిరి. తేయాకుతోటలు వేయు దొరలకు నేల దాదాపు ఊరక యిచ్చుటకై పుట్టిన నిబంధనలవి. వానిలో ఒక యేర్పాటు మన ప్రస్తావమునకు మిక్కిలి తగియున్నది. ఇచ్చిన నేలలో నాల్గవపాలు ఎన్నడును పన్ను లేనిది. తక్కిన ముప్పాతికకు, అడవి నఱికినచో ఇరువదియేండ్లును, కిక్కసయు పొడుగుగడ్డియు కొట్టినచో పదియేండ్లును, వట్టి గడ్డినేలయైనచో ఐదేండ్లును పన్ను లేదు. కష్టమునుబట్టి లెక్క వేసిరే కాని, ఆ నేలయందేమి యున్నదని విచారించినవారు లేరు. మ్రాకునకు ఇరువది, కిక్కసకు పది, గడ్డికి ఐదు: తృణమునకు ప్రభుత్వమువారు కట్టిన వెల అది. ఆ గడ్డి యెవరిదియు గాకపోలేదు. బోడోలు మున్నగు జనులు ఆ గడ్డితో నిండ్లు కప్పుకొనిరి, పశువులను మేపుకొనిరి, వేటాడుకొనిరి. లెక్కలలో వారును లేరు, పందియు లేదు.

ఆ తోటలలో పనికి తెచ్చిన కూలీలలో మనవారును గలరు. గంజాము, విశాఖపట్టణ మండలములనుండి కరవుకాలములందు అస్సామునకు తరలింపబడిన తెలుగువారి సంతతి నేటికిని అచ్చటి తేయాకు పల్లెలలో నున్నది. కదురుపంది యిల్లు కోల్పోయిన నేలపైననే, ఇల్లు విడిచివచ్చిన మనవారు తేయాకు గిల్లిరని తలచినపుడు మనస్సు కలుక్కుమనును. ఇందు వారి దోషము లేశమును లేదు.

ఇరువదవ శతాబ్దపు మొదట తూర్పుబెంగాలునుండి భూమిలేని రైతులు వచ్చి నదీతీరపు గడ్డినేలలను జనుము, వరి మళ్లుగా మార్చిరి. ఆకలిగొన్నవారు దున్నుకొనిరి, దానిని గూర్చి నిష్ఠురమాడుట నాకిష్టము లేదు. కాని అడవిశాఖవారు చేసినది వేఱు. వారు నిప్పును బద్ధశత్రువుగ నెంచి, 1870 ప్రాంతమునుండి సాలవనములయందు ఎచ్చటను మంట తగులరాదని కట్టడిచేసి, గడ్డినేలలను మ్రాకులు లేని లోపముగ భావించిరి. కొన్ని దశాబ్దములు గడచుసరికి తేమపొదలు దట్టమై, తాము కోరిన సాలమొక్కయే మొలవకుండ పోయినది. 1920 నాటికి ఆ శాఖవారే యుద్దేశపూర్వకముగ మంటలు పెట్టసాగిరి. నిప్పును నిషేధించి యొకమారు, హద్దులేక విడిచి మఱియొకమారు, ఈ రెండు విధములను గడ్డికి కీడు జరిగినది. మిగిలిన గడ్డిముక్కలు చిన్నవైన కొలది, ఏటేట వానిని పూర్తిగ తగులబెట్టు వాడుక మఱింత ప్రమాదకరమైనది. పూర్వము ఒకచోట కాలిన పంది వేఱొకచోటికి పోగలిగెడిది. ఇపుడు పోవుటకు వేఱొకచోటు లేదు.

1960 నాటికి ఈ జంతువు లోకమునుండి తొలగిపోయినదనియే పలువురు తలచిరి. 1971లో బర్నదీ యొద్ద నొక కార్చిచ్చు రేగెను. ఆ మంట తరుమగా కొన్ని చిన్నపందులు తేయాకుతోటలోనికి పరుగెత్తివచ్చి, పట్టుబడి, సంతలో నమ్మకమునకు వచ్చెను. తోటదొర లొకరిద్దఱు వానిని గుర్తించి కొని పెంచుటచే ఈ జాతి యింకను జీవించియున్నదని లోకమునకు తెలిసెను. తేయాకుచే నిల్లు కోల్పోయిన ప్రాణి తేయాకుతోటలోనే మరల కనబడుట చరిత్రయందలి యొక విచిత్రము. ఆ యేడే, అదే ప్రాంతమున, నశించినదని తలచిన మఱియొక గడ్డిజంతువు, బిరుసురోమముల కుందేలు, కూడ కనబడినది.

తరువాత జరిగినది చదువరులు శ్రద్ధతో గమనింపవలెను. పట్టిన పందులలో కొన్నిటిని 1976లో స్విట్జర్లాండునందలి జ్యూరిక్ జంతుశాలకు పంపిరి. అచ్చట వంశము నిలువలేదు. 1972 నాటి వన్యప్రాణి రక్షణచట్టమున దీనికి మొదటి షెడ్యూలులో స్థానము దొరకినది. చంపినవానికి శిక్ష యేర్పడినది. 1980లో బర్నదీయందు 26 చదరపు కిలోమీటర్ల పైచిలుకు నేలను ఈ పందికిని ఆ కుందేటికిని ప్రత్యేకముగ నభయారణ్యముగ ప్రకటించిరి. అంతయు చేసిరి, గడ్డి సంగతి మాత్రము చూడరైరి. ఏటేట మంటలు ఆగలేదు, పశువులు ఆగలేదు. కొలదికాలమునకు, తన పేర వెలసిన ఆ యభయారణ్యమునుండియే కదురుపంది మాయమైనది. బోర్డు మిగిలెను. 1990 తరువాత నిది నిలిచియున్న నెలవు మానస్ అరణ్యమొక్కటియే.

మనయింటి సంగతియు నిట్టిదే. నేటి నంద్యాల మండలమున రోళ్లపాడునందు బట్టమేకపిట్ట కొఱకు 1988లో నభయారణ్యమేర్పడినది. చుట్టుప్రక్కల బీళ్లు సాగునీటి పొలములుగ మాఱినవి. ఇపుడచ్చట ఆ పక్షి కానవచ్చుట మిక్కిలి అరుదు. హద్దురాళ్లు పాతుట సులభము. హద్దులోపల నేమి మొలచుచున్నదో చూచుట కష్టము.

జెరాల్డ్ డరెల్ అను ఆంగ్లరచయిత 1959లో జెర్సీద్వీపమున నొక జంతుశాలను స్థాపించెను. నశించు జాతులను పెంచి వాని నెలవులకు తిరిగి పంపుట దాని యుద్దేశము. 1995లో ఆయన పేరి సంస్థయు, అంతర్జాతీయ ప్రకృతిసంరక్షణ సంఘపు వరాహనిపుణులును, అస్సాము అటవీశాఖయు, భారతప్రభుత్వమును కలిసి యొక యొడంబడిక చేసికొనిరి. 1996లో మానస్‌నుండి ఆఱు పందులను, మగవి రెండు, ఆడువి నాలుగు, పట్టి గౌహతి చెంత బశిష్ఠకు తెచ్చిరి. ఆఱు ప్రాణులపై నొక జాతి భవిష్యత్తును పెట్టుట సాహసమే. కాని యవి పిల్లలను బెట్టి వృద్ధిజెందినవి. విడిచిపెట్టదలచిన వానిని నామేరి యడవి చెంత పొటాసాలిలో, సహజముగ గడ్డి పెంచిన ఆవరణములలో, మనుష్యుని చేరనీయక కొన్ని నెలలుంచి, గూడు కట్టుటయు, తిండి త్రవ్వుకొనుటయు, వెఱచుటయు నేర్చుకొననిత్తురు. 2008లో 16 పందులను సోనాయి రూపాయి యభయారణ్యమున మొదటిమారు వదలిరి. 2010 నాటికి అచ్చట వదలినవి 35. పిదప 2011 మొదలు 2015 వఱకు ఓరాంగునందు 59. 2016 మొదలు 2018 వఱకు, తాను మాయమైన బర్నదీయందే, 22. వదలినచోట గూళ్లు కనబడినవి; ఓరాంగునందు వదలని తావులకును వ్యాపించినవి.

జంతువులను పెంచుట దీనిలో సగము పని కూడ కాదు. తక్కినది గడ్డిపని, పత్రికలలో బొమ్మ వేయదగినది కాకపోవుటచే దానిని గూర్చి వ్రాయువారరుదు. మొదటిది పరదేశపు కలుపు. అమెరికాఖండపు ఉష్ణదేశములనుండి వచ్చిన క్రోమోలీనా యను పొదయు, మికానియా యను తీగయు అచ్చటి గడ్డినేలల నాక్రమించుచున్నవి. మన పొలములలో వయ్యారిభామ యెట్టిదో అచ్చట నవి యట్టివి. క్రోమోలీనా గాలిలో విత్తనము లెగురజిమ్మును. కాల్చినచో వేరునుండి మరల చిగిర్చును, అదియుగాక గడ్డికంటె హెచ్చువేడితో కాలి ప్రక్కనున్న గడ్డిదుబ్బును చంపును. కాబట్టి నిప్పు దానికి మందు కాదు. విత్తనము పట్టకమునుపే మనుష్యులు చేతులతో వేళ్లతోసహ పెల్లగింపవలెను. మఱుసటియేడు మరల, ఆ మఱుసటియేడు మరల. అట్లు శుభ్రమైన నేలలో స్వదేశపు గడ్డిదుబ్బులను విడదీసి, పిలకలను వానకారున నాటుదురు. వరినాట్లు నాటిన చేతులకు ఇది క్రొత్తపని కాదు. ఈ పనికి చుట్టుప్రక్కల పల్లెల స్త్రీపురుషులే వత్తురు. గడ్డినేలపై ముసురుకొను మ్రాకుమొక్కలను తీసివేయుటయు నిందు భాగమే. అడవిని బాగుచేయుటకు చెట్టు కొట్టవలెనన్నచో నమ్మువారు తక్కువ! వనమహోత్సవమున గడ్డినేలపై మొక్క నాటి ఫొటో తీయించుకొనుట పుణ్యమని తలచు మనకిది మింగుడుపడని మాట.

రెండవది నిప్పు. దానిని నిషేధింపరాదు, విడువరాదు. గడ్డిని ముక్కలుగ విభజించి, నడుమ నిప్పుబాటలు గీచి, ఒకయేడు కొన్నిటిని, వేఱొకయేడు కొన్నిటిని కాల్చుట. అదియు పచ్చి పూర్తిగ నాఱని డిసెంబరు, జనవరి మాసములలో కాల్చుట. అపుడు మంట మందముగ నడచి, మచ్చలు మచ్చలుగ గడ్డిని మిగుల్చును. ఫిబ్రవరి, మార్చి నెలలలో కాల్చినచో ఒక్కటియు మిగులదు. పందులు ఈనుటకు చేరువైన కాలమున వానికి కప్పు లేకుండును. కాల్చువారెవరు? క్రొత్తచిగురు కొఱకు పశువులకాపరులు. గడ్డి కోసికొనుటకు పల్లెవారు. జింకలకు మేతయనియు, యాత్రికులకు జంతువులు కంటబడవలెననియు అటవీశాఖవారు. పల్లెవాని చేతినుండి అగ్గిపెట్టె లాగికొని, యాత్రికుని కొఱకు తాము కాల్చినచో ఆ పల్లెవాడు న్యాయమును నమ్మునా? గడ్డి వానికి ఇంటికప్పు. పందికిని అంతే. ఎచ్చట ఎప్పుడు కోయవచ్చునో వానితోడనే కూర్చుండి నిర్ణయించిన తావులలోనే ఈ ప్రయత్నము సాగుచున్నది.

మూడవది నీరు. కరకట్టలు కట్టి ఏఱులను కదలనీయకున్నచో క్రొత్త యిసుకతిన్నెలుండవు, క్రొత్త రెల్లుండదు. దీనికి పిలకలు నాటుట ప్రత్యామ్నాయము కాజాలదు. ఈ విషయమున ఇంతవఱకు చేసినది స్వల్పము.

ఇంత శ్రమ జానెడు పంది కొఱకా యని యడుగువారుందురు. వరాహమూర్తి భూమి నుద్ధరించెనని నమ్మి, తిరుమల కొండపై మొదట వరాహస్వామిని దర్శించి పిదప శ్రీనివాసుని దర్శించువారము మనము. విజయనగరపు బంగారునాణెమునకు వరాహమనియే పేరు. అయినను ఆ వాదముతో నెవరిని ఒప్పింపబూనను. గడ్డినేల వరదనీటిని పీల్చి నిలుపును. ఖడ్గమృగము, అడవిదున్న, బారాసింగా, బట్టమేకకు చుట్టమగు ఫ్లోరికన్ పక్షి దానిపై నాధారపడినవి. వాని వెంట పులి. ఏనుగునకు, ఖడ్గమృగమునకు చెడిన గడ్డియందును కొంతకాలము గడచును. కదురుపందికి గడువదు. నేల చెడుచున్నదని మొదట తెలియజేయునది యదియే.

మానస్ 1928లో నభయారణ్యమై, 1985లో ప్రపంచవారసత్వపు జాబితాకెక్కినది. 1980 తరువాతి సంవత్సరములలో బోడోల యాందోళనము చెలరేగి, కావలి వ్యవస్థ కూలిపోయి, అచ్చటి ఖడ్గమృగములన్నియు వేటగాండ్ర పాలైనవి. 1992లో ఆ యరణ్యము ప్రమాదస్థితిలోని వారసత్వస్థలముల జాబితాలో చేరినది. 2003లో బోడోల యొడంబడిక కుదిరినది. అటుపిమ్మట ఒకప్పుడు తుపాకి పట్టి వేటాడిన వారిలో కొందఱు ఆ యడవికే కావలివాండ్రైరి. 2011లో ప్రమాదపు జాబితానుండి మానస్ పేరు తొలగినది. ఆ కల్లోలములలో అన్యాక్రాంతమై, పశువులచే మేయబడి మిక్కిలి చెడిన భాగము భూయాన్‌పారా. అచ్చటి గడ్డిని మరల నిలుపుటకు కొన్నియేండ్లు శ్రమించిన పిదప, 2020లో 14 కదురుపందులను వదలిరి. 1996లో మానస్‌నుండి తెచ్చిన వాని సంతతి, ఇరువదినాలుగేండ్లకు, మానస్‌నకే తిరిగివచ్చినది. దానితో వదలిన పందుల మొత్తము 130 అయినది.

ఆ యేడే ఆఫ్రికాపందిజ్వరమను మందులేని తెగులు అస్సామున ప్రవేశించి, పల్లెలలో పెంపుడుపందులను గుంపులు గుంపులుగ చంపినది. పొలిమేర దాటి యది గడ్డిలోనికి వచ్చునేమో యను భయము నేటికిని తీఱలేదు. బశిష్ఠలో కాళ్లు కడుగక, బట్టలు మార్చక ఎవరిని ఆవరణముల చెంతకు రానీయరు. అడవిలో నున్న ఎదిగిన పందులు 250కి మించవని నిపుణుల యంచనా.